పరికరం వేరు, కోత వేరు

సంపాదకునికి,

కంటి ఆపరేషన్ పేటెంట్లపై మీ కథనం బాగుంది కానీ పరికరాన్నీ, పద్ధతినీ ఒకే గాటన కట్టేశారు. కంటి శుక్లాన్ని లేజర్‌తో కరిగించే ప్రోబ్ అనే పరికరానికి అమెరికా డాక్టర్ ప్యాట్రీషియా బాత్ 1988లో పేటెంటు పొందారు. అది చేతితో పట్టుకునే వస్తువు, ఏళ్ల శ్రమ. దానికి హక్కు కోరడం న్యాయమే.

అరిజోనా డాక్టర్ శామ్యూల్ పాలిన్ సంగతి అలా కాదు. కుట్లు అక్కర్లేని కోతకే ఆయన 1992లో పేటెంటు తీసుకున్నారు. తర్వాత అలాంటి కోత పెడుతున్న మరో డాక్టర్‌పై, రాయల్టీ ఇవ్వాలంటూ దావా వేశారు. కత్తి కొన్నాక, దాన్ని తిప్పే తీరుకి కూడా అద్దె కట్టాలా? 1996లో ఆ దావా వీగిపోయింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ ఇలాంటి పేటెంట్లతో డాక్టర్లను కోర్టుకీడ్చకుండా చట్టం చేసింది.

మన 1970 పేటెంట్ల చట్టమైతే సెక్షన్ 3(ఐ)లో చికిత్సా పద్ధతులకు అసలు పేటెంటే లేదంది. పరికరాలకు ఉంది. మీ కథనంలో ఈ సెక్షన్ ప్రస్తావనే లేదు. దయచేసి సవరణ వేయగలరు.

– ఒక పాఠకుడు, గుంటూరు