పెదవులు కదలనివ్వండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పరీక్షల వేళ పిల్లలకు సూచనలంటూ మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసం చదివాను. నిద్ర గురించి, తిండి గురించి రాసినవన్నీ బాగున్నాయి. "పెదవులు కదపకుండా మనసులో చదువుకోవాలి, అప్పుడే ఏకాగ్రత కుదురుతుంది" అన్న మాట దగ్గర మాత్రం ఆగిపోయాను. గుంటూరు జిల్లాలో ముప్పై రెండేళ్లు సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆ మాట నేనూ కొన్ని వేలసార్లు చెప్పి ఉంటాను. అది అందరు పిల్లలకూ పనికొచ్చే మాట కాదు. ఆ సంగతి చెప్పాలనే ఈ ఉత్తరం.

నాలుగో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. లెక్క ఇస్తే పైకి అనుకుంటూ చేసేవాడు. "ఏడూ ఎనిమిదీ పదిహేను, అయిదు వేసి ఒకటి చేతిలో..." అని. పక్క పిల్లలు "టీచర్, వీడు గొణుగుతున్నాడు" అని ఒకటే గోల. "నోటి మీద వేలేసుకుని చెయ్యి" అన్నాను. వేసుకున్నాడు. ఎడమచేతి వేలు మూతి మీద, కుడిచేతిలో పెన్సిలు. పలక మీద 47, దాని కింద 38. పెన్సిలు కదల్లేదు. దగ్గరికి వెళ్లి చూస్తే వేలి కింద పెదవులు ఇంకా కదలబోతున్నాయి. వాటిని ఆపడానికి వేలు గట్టిగా అదిమిపెట్టాడు, గోరు తెల్లబడిపోయింది. చివరికి 715 అని వేశాడు. పదిహేనుకి పదిహేనూ కిందే వేసేసి, ఏడు పక్కన పెట్టాడు. "ఒకటి చేతిలో" అన్న మాట నోటికి రాకపోయేసరికి చేతిలోని ఒకటి కూడా పోయింది. నేను ఇంటూ కొట్టి ముందుకు వెళ్లిపోయాను. ఆ లెక్క తప్పింది వాడి వల్ల కాదు, నా వల్ల. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

రిటైరయ్యాక తీరిక దొరికి ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాను. రష్యాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త వైగోట్‌స్కీ 1934లో చనిపోయేలోపే ఈ సంగతి వివరంగా రాశాడు. చిన్నపిల్లలు ఆడుకుంటూ తమతో తాము పైకి మాట్లాడుకుంటారు, ఆ మాటే మెల్లగా గొణుగుడై, తర్వాత లోపలికి వెళ్లి ఆలోచనకు ఆసరా అవుతుందన్నాడు. ఆ మాట అందరిలో ఒకే వయసుకు లోపలికి వెళ్లదు. ఏడీహెచ్‌డీ, అంటే దృష్టి నిలవక కుదురుగా ఉండలేని ఇబ్బంది, ఉన్న అబ్బాయిలు క్లాసులో లెక్కలు చేసేటప్పుడు గమనించి రాసిన అధ్యయనం ఒకటి 1991లో అమెరికాలో అచ్చయింది. వాళ్లలో ఈ మాట లోపలికి వెళ్లడం ఆలస్యమవుతుందని అందులో తేలింది. అది చదువుతుంటే నాకు ఆ తెల్లబడిన గోరే కళ్ల ముందు కనిపించింది. నా క్లాసులోని ఆ అబ్బాయికి ఏడీహెచ్‌డీ ఉందో లేదో నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఆ పేరే మాకు తెలియదు, "కుదురు లేదు" అని రిజిస్టర్లో రాసేవాళ్లం.

మన పెద్దవాళ్లకు ఈ తేడాలు కొత్త కాదు. జపంలో వాచికం, ఉపాంశువు, మానసికం అని మూడు రకాలు చెప్పారు. ఉపాంశువంటే పెదవులు కదులుతాయి, పక్కవాళ్లకు వినపడదు. మా నాన్నగారు రోజూ అలాగే చేసుకునేవారు. ఆయనకు ఏకాగ్రత లేదని ఎవరూ అనలేదు.

లోపల మాట అసలే లేనివాళ్లూ ఉంటారన్నది మాత్రం నాకు పెద్ద ఆశ్చర్యం. మన భాషలో ఆలోచించడానికి రోజూ వాడే మాటే "అనుకోవడం", అంటే తనలో తాను అనడం. నాకు పొద్దున లేచినప్పటి నుంచి లోపల ఎవరో మాట్లాడుతున్నట్టే ఉంటుంది. అందరికీ అంతే అనుకున్నాను. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేశారు. ఒకరోజు "బండి విప్పేటప్పుడు మనసులో ఏమనుకుంటారు?" అని అడిగాను. "ఏమీ అనుకోను. గేర్‌బాక్స్ కనపడుతుంది. ఏ పళ్లు అరిగాయో చూస్తాను, అంతే" అన్నారు. నలభై ఏళ్లుగా ఈయన మనసులో మాట బయటపెట్టరని బాధపడ్డాను. అక్కడ ఉన్నది మాట కాదని ఆ రోజు తెలిసింది. ఆయనకు ఏ డాక్టరూ ఏ పేరూ పెట్టలేదు. అమెరికాలో హర్ల్‌బర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జనానికి చిన్న బీపర్ ఇచ్చి, అది మోగిన క్షణంలో మనసులో ఏముందో రాసిమ్మన్నాడు. లోపలి మాట కనిపించింది సగటున నాలుగో వంతు సార్లే. కొందరిలో చాలాసార్లు ఉంది, కొందరిలో అస్సలు లేదు.

మా చెల్లెలి మనవడికి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. "రేపు పొద్దున గుంటూరు వెళ్దాం" అని పదిసార్లు చెప్పినా బస్సెక్కేటప్పుడు ఏడుపే. వాళ్లమ్మ ఫోన్లో బస్టాండు ఫొటో, అమ్మమ్మ ఇంటి గేటు ఫొటో వరుసగా చూపిస్తే తనే వెళ్లి చెప్పులు వేసుకుంటాడు. "పెద్దమ్మా, నా మాట వాడి చెవిలో పడుతుంది గానీ లోపల నిలవదు. బొమ్మ అయితే నిలుస్తుంది" అంది. టెంపుల్ గ్రాండిన్ అనే ఆటిజం ఉన్న ప్రొఫెసరు తన ఆలోచనంతా బొమ్మల్లోనే సాగుతుందని చెప్పారు. అయితే ఆటిజం ఉన్నవాళ్లంతా అలా ఉండరని కూడా తర్వాత ఆవిడే అన్నారు. డాక్టరు చీటీ మీద పెట్టిన పేరు చూసి పిల్లవాణ్ణి, వాడి బుర్ర ఇలా పనిచేస్తుందని తీర్మానించేయకూడదు. వాడినే అడగాలి, వాడు చెప్పలేకపోతే చూసి తెలుసుకోవాలి.

హాస్టళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన బాధ. స్టడీ అవర్లో అందరూ గట్టిగా చదవాలి, నోరు కదలనివాడు చదవనట్టే లెక్క. ఆ హోరులో ఒక్క అక్షరం ఎక్కని పిల్లలను నేను చూశాను.

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఉంది, చదవడంలో, రాయడంలో ఇబ్బందులూ ఉన్నాయి. సర్టిఫికెట్ ఉన్న పిల్లలకు పరీక్షలో అదనపు సమయమూ దొరుకుతుంది. ఏడీహెచ్‌డీకి ఆ జాబితాలో విడిగా చోటు లేదు. కాబట్టి గొణిగే పిల్లవాడు టీచరు దయ మీదే ఆధారపడాలి. నా తోటి టీచర్లను అడిగేది ఒకటే. ఈసారి యూనిట్ టెస్టులో అలాంటి పిల్లవాడు ఉంటే కిటికీ పక్కన, మిగతావాళ్లకు కాస్త దూరంగా బల్ల వేసి, చిన్నగా అనుకుంటూ రాయనివ్వండి. దానికి ఏ జీవో అక్కర్లేదు, హెడ్‌మాస్టరు గారితో ఒక మాట చెబితే చాలు. మీ పత్రిక కూడా పరీక్షల సూచనలు మళ్లీ వేసేటప్పుడు ఆ ఒక్క వాక్యం మార్చమని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు, తెనాలి