స్పీడు సరే, రిపేరు ఎప్పుడు?

ఎడిటర్ గారికి,

మా ఇంటర్నెట్ కుర్రాడు వచ్చినప్పుడల్లా "స్పీడు సెకనుకు 100 మెగాబిట్ల నుంచి 300కి మారండమ్మా" అంటాడు. ఇంట్లో ఉండేది నేను, మావారు. అమెరికాలోని మనవడితో వీడియో కాల్, రాత్రి ఆయన సినిమా, అంతే. బొమ్మ బాగా స్పష్టంగా ఉండే 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేదే సెకనుకు 15 మెగాబిట్లు. వీడియో కాల్‌కు అంత కూడా అక్కర్లేదు. అయినా వంటింట్లోంచి మాట్లాడితే మనవడి ముఖం ఆగిపోతుంది. రూటరేమో హాల్లో టీవీ వెనక, మధ్యలో రెండు గోడలు! 300 తీసుకుంటే గోడలు పోతాయా? ఇంటి నిండా పిల్లలు, వర్క్ ఫ్రం హోమ్ ఉన్నవాళ్లకు అవసరమేమో, కాదనను. మా టెన్షన్ వేరు. గాలివానకు స్తంభం మీద తీగ తెగితే బాగుచేసే మనిషి ఎప్పుడొస్తాడో తెలీదు. ప్రకటనల్లో స్పీడుతో పాటు, ఎన్ని గంటల్లో రిపేరు చేస్తారో కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి.

– ఒక గృహిణి, తెనాలి