ఐదేళ్ల గడి ఒకసారి చూడండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి పరీక్షల గురించి కాదు, మీ బీరువాలో బట్టల అడుగున దాచిన టీకా కార్డు గురించి రాస్తున్నాను.

మొన్న ఒకటో తరగతి అడ్మిషన్లప్పుడు ఒకావిడ బాబు కార్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్ నగర్‌లో వాళ్లింట్లోకి వచ్చినప్పుడు తడిసిందట. అంచులకు బురద మరక, సిరా అలుక్కుపోయి ఉంది. అయినా నెలన్నర, రెండున్నర నెలలు, మూడున్నర నెలల గడుల్లో తేదీలు తెలుస్తున్నాయి. ఏడాదిన్నర బూస్టర్ కూడా పడింది. ఐదేళ్ల గడి మాత్రం ఖాళీ. "అన్నీ వేయించేశాం మేడమ్" అన్నారావిడ. ఆవిడ తప్పేమీ లేదు. మధ్యలో మూడేళ్లకు పైగా టీకా ఊసే ఉండదు, అయిపోయాయనే ఎవరైనా అనుకుంటారు.

నెలల పిల్లలకు వేసే పెంటావాలెంట్ ఒక్క సూదితో కంఠసర్పి (డిఫ్తీరియా), కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే ఐదింటిని అడ్డుకుంటుంది. చంటిపిల్లలకు న్యుమోనియా, మెదడు పొరల వాపు తెచ్చే బ్యాక్టీరియా హిబ్. అయితే మొదటి మూడు జబ్బుల నుంచి వచ్చిన రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే ఐదారేళ్ల మధ్య ఆ మూడింటికీ కలిపి వేసే డీపీటీ టీకా రెండో బూస్టర్ వేయించాలి. ఆ తర్వాత పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ.

నాకు అన్నిటికన్నా భయం కంఠసర్పి అంటేనే. గొంతులో బూడిదరంగు పొర కట్టి ఊపిరాడనివ్వదు. దాని విషం గుండె దాకా పాకుతుంది. దగ్గు తుంపరలతో అంటుకునే జబ్బు, మన పిల్లలేమో బెంచీకి ముగ్గురు భుజం భుజం ఆనించుకుని కూర్చుంటారు.

పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఈ టీకాలు ఉచితం. డోసు తప్పిపోతే మళ్లీ మొదటినుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోట నుంచే వేస్తారు. ఏడేళ్లు నిండిన పిల్లలకు డీపీటీ వేయరు, టీడీ వేస్తారు. చిన్న జలుబుందని వాయిదా వేయకండి. కార్డు వరదలో పోయిన వాళ్లు టెన్షన్ పడకుండా మీ ఏఎన్ఎమ్‌ను కలవండి, పాత రిజిస్టరు చూడమని అడగండి.

సూది వేసిన చోట నొప్పి, ఒకటి రెండు రోజులు కొద్దిగా జ్వరం రావచ్చు. ఆ రోజుల్లో బడికి పంపకపోయినా ఫరవాలేదు. లీవ్ లెటర్ అక్కర్లేదు, ఫోన్ చేసి చెప్పండి చాలు.

ఈ శనివారం సాయంత్రం 5 గంటల వరకు నేను ఆఫీసులోనే ఉంటాను. కార్డు తీసుకురండి, ఇద్దరం కలిసి చూద్దాం. మాసిపోయినా, చిరిగిపోయినా సరే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ