అన్నీ కలిపిన జీతంలో మా గంటలు మాయమవుతున్నాయి: ఆస్ట్రేలియా ఉపాధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మెల్‌బోర్న్‌లో ఒక హోటల్ కిచెన్‌లో ఫుల్‌టైమ్ కుక్‌గా పని చేస్తున్నాను. ఇదే విషయం మీద రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాను. లేఖ అందిందన్న జవాబు తప్ప మరేమీ రాలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

2022 సెప్టెంబరు 1 నుంచి మా హాస్పిటాలిటీ అవార్డులో, అంటే హోటల్ పనివాళ్ళ కనీస జీతం, షరతులు రాసి ఉండే చట్టబద్ధమైన పత్రంలో, ఉన్న అన్నీ కలిపిన జీతం రూలు మీకు తెలిసిందే: ఓవర్‌టైమ్, సెలవు రోజుల అదనపు రేట్లు విడిగా లెక్కకట్టకుండా అన్నిటికీ కలిపి ఒకే జీతం. కనీస జీతం మీద 25 శాతం ఎక్కువ. చేరిన రోజు ఆ అంకె చూసి ఇంటికి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను. లెక్క తర్వాత కూర్చుని వేశాను.

వారానికి 38 గంటల మీద 25 శాతం అంటే తొమ్మిదిన్నర గంటల జీతం అదనం. హోటల్లో ఫుల్‌టైమ్ వాడికి శని, ఆదివారాలు తప్పవు. ఆ రెండు షిఫ్టుల పెనాల్టీ రేట్లకే, అంటే ఆ రోజుల్లో పనికి ఇవ్వాల్సిన అదనపు డబ్బుకే, దాదాపు ఆరు గంటల జీతం పోతుంది. ఓవర్‌టైమ్ రేటు మామూలు కంటే ఎక్కువ కాబట్టి మిగిలింది రెండున్నర గంటల ఓవర్‌టైమ్‌కు సరిపోతుంది, అంతే. రూలు మాత్రం వారానికి సగటున 12 గంటల ఓవర్‌టైమ్ దాకా ఇదే జీతంలో కలుపుకోనిస్తుంది. రెండున్నర ఎక్కడ, పన్నెండు ఎక్కడ? ఆ మధ్యలో మేము చేసే పని డబ్బులు ఎప్పుడొస్తాయండీ?

ఏడాది చివర లెక్క చూసి, తక్కువ పడితే 14 రోజుల్లో కట్టాలని రూలు ఉంది. నేను చేరి ఇది మూడో ఏడు. ఒక్కసారి కూడా ఆ లెక్క నా చేతికి రాలేదు. అడిగితే "అంతా జీతంలోనే ఉంది కదా" అంటారు.

అసలు లెక్క వేయడానికి గంటలు ఎక్కడున్నాయి? రోస్టర్‌లో నా షిఫ్టు పది గంటలకు అయిపోతుంది. ఆఖరి ఆర్డరు వెళ్ళాక గ్రిల్ గోకాలి, ఫ్రైయర్ నూనె వడగట్టాలి, కూల్‌రూమ్‌లో లేబుళ్ళు అంటించాలి, మర్నాటి సరుకు రాయాలి, నేల కడగాలి. బయటపడేసరికి పదకొండున్నర. బ్రేక్ అని కాగితం మీద ఉన్న అరగంట బిజీ రోజుల్లో నిలబడి రెండు ముద్దలు మింగడమే. ఎప్పుడొచ్చాం, ఎప్పుడు వెళ్ళాం, బ్రేక్ ఎంత అనేది రాసి మాతో సంతకం చేయించాలన్నది కూడా రూలే. మా దగ్గర చేయించేది రోస్టర్ ప్రింట్ మీద. పది గంటలకు వెళ్ళిపోయానని నా సంతకమే చెబుతుంది. పెట్టనంటే వచ్చే వారం షిఫ్టులు ఎలా పడతాయో అన్న టెన్షన్. వీసా స్పాన్సర్‌షిప్ మీద ఉన్న పిల్లలైతే నోరే ఎత్తరు. వాళ్ళను తప్పు పట్టలేను, నేనూ అలాగే ఉన్నాను ఒకప్పుడు.

2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం నేరం చేశారు. మనస్ఫూర్తిగా సంతోషించాను. కానీ గంటలే కాగితం మీద లేనప్పుడు ఎగ్గొట్టారని ఎవరు రుజువు చేస్తారు?

అన్నీ కలిపిన జీతం వద్దని నేను అనడం లేదు. ప్రతి వారం ఒకే జీతం వస్తే అద్దె కట్టేవాడికి అదో ధైర్యం. దయచేసి ఆ లెక్క ఏడాదికోసారి కాదు, ప్రతి జీతానికీ వేయించండి. నిజంగా చేసిన గంటలు పేస్లిప్ మీద పడేలా చూడండి. ఆ 12 గంటల హద్దు తగ్గించమని ఈ అవార్డులను నిర్ణయించే ఫెయిర్ వర్క్ కమిషన్‌ను మీ తరఫున అడగండి. ముందు గంటలు, మంత్రి గారూ. గంటలు కనిపిస్తే మిగతా తగవులు చాలావరకు అక్కడే తెగుతాయి.

ఏడాదిన్నరగా రోజూ తలుపు దాటే టైము ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. మీ అధికారులు ఎవరు రమ్మన్నా తెచ్చి చూపిస్తాను.

ఇట్లు,
ఒక హోటల్ కుక్