మా అమ్మ చేత మళ్లీ జంతిక కొరికించిన డాక్టరుగారికి

నిన్న సాయంత్రం వంటింట్లోంచి జంతిక కొరికిన చప్పుడు వినపడింది. ఎన్నేళ్లయిందో ఆ చప్పుడు విని! అందుకే ఈ నాలుగు మాటలు.

అమ్మకి 68 ఏళ్లు. కట్టుడు పళ్లు పెట్టించి 11 ఏళ్లయింది. పై సెట్టు ఫర్వాలేదు, కిందిదే మాట్లాడుతుంటే లేచిపోయేది. పళ్లు పోయాక కింది దవడ ఎముక పైదానికంటే త్వరగా అరుగుతుందట. దానికి తోడు రెండేళ్లుగా కుడిచెవి దగ్గర పోటు. చెవి డాక్టరు చూసి చెవిలో ఏమీ లేదన్నారు. ఒక క్లినిక్‌లో చూసీ చూడగానే ఇంప్లాంట్లు, అంటే పళ్లని పట్టి ఉంచడానికి దవడ ఎముకలో బిగించే మరలు, వేసేద్దామంటే, అడ్వాన్స్ కట్టడానికి కూడా సిద్ధపడ్డాం.

అప్పుడు మీ దగ్గరికి వచ్చాం, మేడమ్. మీరు చెవుల ముందు వేళ్లు ఆనించి, "అమ్మా, మెల్లగా నోరు తెరవండి" అన్నారు. టక్‌మంది. నోట్లో రెండు వేళ్లు పట్టడమే కష్టమైంది. సెట్టు పళ్లు అరిగి ఎత్తు తగ్గిపోయింది, చెవి పక్కనే ఉండే దవడ కీలుకి అది ఇబ్బందిగా ఉండొచ్చు, ఇప్పుడే ఇంప్లాంట్లు వేస్తే ఆ తప్పు కాటునే, అంటే పై పళ్లూ కింది పళ్లూ సరిగ్గా కలవని తీరునే, ఖాయం చేసినట్టవుతుంది అన్నారు. "కాస్త ఆగుదాం" అన్న ఆ ఒక్క మాటకి మేం మీకు ఎంతో రుణపడి ఉన్నాం.

నాలుగు నెలలు పాత సెట్టు మీదే కొద్దికొద్దిగా ఎత్తు పెంచుతూ వచ్చారు. వేడి కాపడం, మెత్తటి తిండి, చిన్న వ్యాయామాలు. ఈలోగా షుగరు కూడా అదుపులోకి తెప్పించారు. మూడు వేళ్లు పట్టేలా నోరు తెరుచుకున్నాకే స్కాన్ తీయించి, నరం ఎక్కడుందో కొలుచుకుని, కింద రెండే ఇంప్లాంట్లు వేశారు. దవడలో ఇనుము తుప్పు పట్టదా అని అమ్మ భయపడితే విసుక్కోలేదు. అది టైటానియం అనీ, ఎముకతో కలిసిపోతుందనీ, స్వీడన్‌లో బ్రోనెమార్క్ గారు 1965లోనే మొదటి మనిషికి పెట్టారనీ ఓపిగ్గా చెప్పారు. ఎముక పట్టుకోవడానికి ఇంకో మూడు నెలలు ఆగాం. ఆ తర్వాత కొత్త సెట్టు ఆ ఇంప్లాంట్ల మీది బటన్లలో టిక్కున కూర్చుంది.

కాగితం కొరికిస్తూ గంటసేపు నిలబడి కాటు సరిచేసిన, పీజీ చదువుతున్న డాక్టరమ్మాయికీ, పళ్లని అమ్మ పాత ఫొటో చూసి అమర్చిన ల్యాబ్ టెక్నీషియన్ గారికీ చేతులెత్తి నమస్కారం.

మరీ గట్టివి వద్దన్నారు కదా, అందుకే అమ్మ వెన్న ఎక్కువేసి గుల్లగా చేసింది. సోమవారం చెకప్‌కి వచ్చేటప్పుడు మీకూ ఒక డబ్బా తెస్తున్నాం.