పార్కింగులో ఖాళీ చోటు

చెన్నై,
12 ఏప్రిల్ 2026.

చిరంజీవి సుధకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమం. ఎండలు ముదిరినందువల్ల మీ నాన్నగారు ఉదయపు నడకను ఆరు గంటలకు ముందే ముగించుకుని వస్తున్నారు. మామ్మకు మోకాలి నొప్పి కొంత తగ్గింది. ఆవకాయకు మంచి కాయ ఇంకా దొరకలేదు. మూడు వారాలుగా నీ దగ్గర నుండి "బాగున్నాను" అన్న ఒక్క మాట తప్ప మరేమీ రావడం లేదు. నిన్న చిట్టిపిన్ని ఫోను చేసి, బెంగళూరులో సిల్క్ బోర్డు దగ్గర రాత్రి పదకొండు గంటలకు మన సాంట్రో కారు ఆగిపోతే నీవూ, ఎవరో ఇద్దరు కుర్రవాళ్లూ దానిని తోసి పక్కన పెట్టారట కదా అని నన్నే అడిగింది. తెలిసినట్లే "అవును" అన్నాను. కన్నకూతురి సంగతి నాకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

సరే, అది నీకు వీలైనప్పుడు చెబుదువు గాని. ఈ ఉత్తరం వ్రాయడానికి కారణం బండి కాగితాలు. నిరుడు జూన్‌లో 15 ఏళ్లు నిండినప్పుడు 5,000 రూపాయల రుసుము కట్టి, ఇన్‌స్పెక్టరుకు బండిని చూపించి రిజిస్ట్రేషనును మరో 5 ఏళ్లకు పొడిగించుకున్నాము కదా, అది 2030 వరకు చెల్లుతుంది. పదిహేనేళ్లు దాటిన బండ్లన్నీ తుక్కుకే పోతాయని నీ ఆఫీసులో ఎవరైనా అంటే నమ్మకు; ఆ నిబంధన ఢిల్లీ పరిసరాల కోసం వచ్చినది, మన ఊళ్లకు లేదు. అయితే ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. నీవు తీసుకువెళ్లి పది నెలలయింది. ఇక్కడి ఆర్టీఓ కార్యాలయం నుండి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం రావాలి. దాని కోసం తిరిగే పని నాకు వదిలిపెట్టు, నాకు తీరికే. కర్ణాటకలో పన్ను కట్టవలసి ఉంటుంది కానీ పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు. బీమా కూడా చూసుకో. మనది 1086 సీసీ కాబట్టి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 3,416 రూపాయలు, పైన పన్ను. ఒక్క రోజు కూడా బీమా లేకుండా బండిని రోడ్డు మీదకు తీయవద్దు.

ఇంతకీ ఆ రాత్రి బండి నడుస్తూ ఆగిందా, రద్దీలో నిలబడి ఉండగా ఆగిందా? మర్నాడు దానిలోనే ఆఫీసుకు వెళ్లావని చిట్టిపిన్ని అన్నది కాబట్టి టైమింగు బెల్టు తెగలేదని నాకు కొంత ధైర్యంగా ఉంది. అది తెగితే ఇంజను అక్కడికక్కడే చచ్చిపోతుంది, వాల్వులు వంగే ప్రమాదం కూడా ఉంది. బండి వేడెక్కి ఉంటుందని నా అనుమానం. నడుస్తున్నంతసేపు ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. సిల్క్ బోర్డులో గంటసేపు అంగుళం అంగుళం కదిలేటప్పుడు ఆ పని ఫ్యాను ఒక్కటే చేయాలి. ఆదివారం ఏసీ ఆపి, బండిని ఒకచోట నిలిపి, ఇంజనును పావుగంట నడవనిచ్చి చూడు. ఇంజను వేడిని చూపే సూది సగానికి వచ్చేసరికి ఫ్యాను తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూడమని మెకానిక్కుతో చెప్పు. దారిలో సూది పైకి పోతే ఏసీ కట్టేసి, హీటరును పూర్తిగా పెట్టి, పక్కకు తీసి ఆపు. ఉక్కగా ఉన్నా ఓర్చుకో, హీటరు ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. రేడియేటరు మూతను మాత్రం చల్లారేవరకు ముట్టుకోవద్దు. మరిగే నీళ్లు ముఖం మీదకు చిమ్ముతాయి. ఇది నీకు వెయ్యిసార్లు చెప్పాను, మళ్లీ చెబుతున్నాను.

2015 డిసెంబరు వరద నీకు ఎంతవరకు గుర్తుందో తెలియదు. అప్పుడు నీవు తొమ్మిదో తరగతి, బియ్యం డబ్బాలను మేడ మీదకు చేర్చడమే నీకు పని. చెంబరంబాక్కం చెరువు నుండి 29,000 క్యూసెక్కులు వదిలారన్న సంగతి మాకు తరువాత తెలిసింది. ఆ రాత్రి తెలిసిందల్లా అడయారు నది జాఫర్‌ఖాన్‌పేటలోని మన వీధిలోకి వచ్చేసిందనే. తెల్లవారేసరికి పార్కింగులో సాంట్రో స్టీరింగు దాకా మునిగి ఉంది. నీళ్లు తీసిన రోజున కింది ఫ్లాటువారు తమ కొత్త కారులో కూర్చుని తాళం తిప్పారు. ఒక్కసారి "టక్"మని శబ్దం వచ్చి ఇంజను బిగుసుకుపోయింది. గాలి నొక్కితే నొక్కుకుపోతుంది, నీరు నొక్కుకుపోదు. సిలిండరులో నీరుండగా పిస్టన్ పైకి వస్తే వంగేది కనెక్టింగు రాడ్డే. మీ నాన్నగారు కూడా తాళం తిప్పి చూద్దామన్నారు. నేను తాళాన్ని కొంగున ముడివేసుకుని, ముందుగా బ్యాటరీ తీగ విప్పించాను. నీరు ఎక్కడిదాకా నిలిచిందో తలుపు మీద సుద్దముక్కతో గీత గీసి, మెకానిక్ దురైకి చూపించాను. ఆయన ఆ గీతను చూసి, "ఇలా ఉన్నది ఉన్నట్లు చెబితే సగం పని అయినట్లేనమ్మా" అన్నాడు. స్పార్కు ప్లగ్గులు విప్పి ఇంజనును తిప్పితే ఆ కంతల నుండి బురదనీరు ఎగజిమ్మింది. ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది, మూడుసార్లు మార్చవలసి వచ్చింది. ఆల్టర్నేటరును పుదుపేటలో పాత సామాను కొట్లన్నీ తిరిగి తెచ్చుకున్నాము. సీట్లు పదిహేను రోజులు మేడ మీద ఎండాయి. మామ్మ రోజూ వాటి మీద వేపాకు పరిచేది. అన్నీ కలిపి 38,000 రూపాయలయింది. ఆ తరువాత అది నన్ను తొమ్మిదేళ్లు బడికి తీసుకువెళ్లి తెచ్చింది.

ఆ సుద్దగీత లాంటిదే ఇప్పుడు నిన్ను అడుగుతున్నాను. బండి ఆగిందని చెబితే అమ్మ నొచ్చుకుంటుందని ఊరుకున్నావా, లేక అమ్మేయమంటానని భయపడ్డావా? పాత బండి అన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగిన సంగతి మూడు వారాలకు పిన్ని ద్వారా తెలియడమే నన్ను నిద్రపోనివ్వలేదు. నీకు విసుగు పుట్టి ఉంటే అమ్మేద్దాము, నాకు ఏ పట్టింపూ లేదు. నీకు నచ్చి ఉంటే ఉంచుకో. కొత్త కారు కోసం 7 లక్షల అప్పు 9 శాతం వడ్డీకి 5 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 14,500 రూపాయలు కట్టాలి. ఆ ఒక్క నెల వాయిదాతో ఈ బండికి ఏడాది సర్వీసు, బీమా రెండూ గడిచిపోతాయి. ఆఫీసుకూ కూరల మార్కెట్టుకూ ఇంతకంటే అనువైన బండి ఉండదు. ఇరుకు సందులో ఒక్క మలుపులో తిరుగుతుంది, సామాను జేసీ రోడ్డులో దొరుకుతుంది. దీనిలో ఎయిర్‌బ్యాగులు లేవు, గట్టిగా బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు అన్న మాట కూడా నేను దాచను. అందుచేత కృష్ణగిరి మీదుగా హైవేలో చెన్నైకి వస్తానని ఎన్నడూ అనవద్దు. ఉగాదికి రాలేకపోయావు, వచ్చే నెలలోనైనా బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో రా. స్టేషనుకు మీ నాన్నగారు వస్తారు.

ఆయన సంగతి చెప్పడం మరచిపోయాను. పార్కింగులో మన చోటు పది నెలలుగా ఖాళీగా ఉంది. పై ఫ్లాటువారు రెండో కారు పెట్టుకుంటామని రెండుసార్లు అడిగారు, ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆదివారం ఆ చోటును ఊడ్పిస్తున్నారు.

టైర్లు అరిగినట్లు కనిపించకపోయినా వయసు చూడాలి. టైరు పక్కన డాట్ (DOT) అన్న ఇంగ్లీషు అక్షరాలు ఉన్న వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3521 అని ఉంటే 2021లో 35వ వారంలో తయారైనదని అర్థం. కొన్నిటికి ఆ అంకెలు లోపలి వైపు పడతాయి, టార్చి పట్టుకుని వంగి చూడు. చున్నీ మడిచి కట్టుకో, గ్రీజు అంటుతుంది. నాలుగింటివీ, డిక్కీలోని స్టెప్నీదీ అంకెలు వ్రాసి పంపు. ఆ రాత్రి సూది ఎక్కడుందో కూడా వ్రాయి.

ఇట్లు,
అమ్మ