ఆ మొదటి ఏడాది ఎక్కడ చేయమంటారు, మంత్రి గారూ?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం.

మాది మహబూబాబాద్ జిల్లాలో మిర్చి పండించుకునే కుటుంబం. నేను బీఎస్సీ నర్సింగ్ చదివాను. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ చేతికొచ్చి ఎనిమిది నెలలైంది. ఈ ఎనిమిది నెలల్లో హైదరాబాద్, వరంగల్, ఖమ్మం కలిపి పదకొండు ఆసుపత్రుల్లో ఇంటర్వ్యూలకు వెళ్ళాను. ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగింది ఒకటే: "ఎక్స్‌పీరియన్స్ ఎంత సిస్టర్?"

ఫ్రెషర్‌ని అనగానే ఏడు చోట్ల ఫైలు మూసి నా చేతికిచ్చారు. మిగిలిన చోట్ల తీసుకుంటామన్నారు గానీ, ఫ్రెషర్ అనే మాటతోనే జీతం సగానికి దిగిపోయింది. 200 పడకలకు పైగా ఉన్న ఒక ఆసుపత్రిలో నెలకు 13 వేలు ఇస్తామన్నారు. పన్నెండు గంటల డ్యూటీ, నెలలో పదిహేను నైట్లు, రెండేళ్ళ బాండ్. టెన్త్ మెమో నుంచి రిజిస్ట్రేషన్ దాకా ఒరిజినల్స్ అన్నీ వాళ్ళ దగ్గరే పెట్టాలట. మధ్యలో మానేస్తే లక్ష రూపాయలు కడితేనే తిరిగిస్తారట. హాస్టల్‌కే ఆరున్నర వేలు పోతాయి. సంతకం పెట్టకుండా వచ్చేశాను. ఇంట్లో కోప్పడతారని దారంతా టెన్షన్ పడ్డాను. బాపు మాత్రం "కాయితాలు ఇయ్యకుండ మంచి పని చేసినవ్ బిడ్డా" అన్నడు. పట్టా పాస్‌బుక్కు ఒకసారి అప్పు కింద పెట్టి, దాన్ని విడిపించుకోవడానికి రెండు పంటల కాలం తిరిగిన మనిషి ఆయన.

నాలుగో ఏడాది ఇంటర్న్‌షిప్ గురించి మీకు చెప్పాలి. ఒక ప్రభుత్వ ఆసుపత్రి సర్జికల్ వార్డులో నైట్ డ్యూటీ. వార్డులో 34 మంది పేషెంట్లు, ఒక్క స్టాఫ్ నర్సు, విద్యార్థినులం ముగ్గురం. సెలైన్లు మార్చడం, కాన్యులా పెట్టడం, బీపీ చూసి చార్టులో రాయడం, మూత్రం సంచి నిండిందా అని చూడడం, ఆపరేషన్ అయిన వాళ్ళను పక్కకు తిప్పి పడుకోబెట్టడం... తెల్లారి హ్యాండోవర్ ఇచ్చేదాకా కూర్చున్నది లేదు. టీచింగ్ ఆసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో అయిదుగురికి ఒకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. క్లాసులో అది రాసి మార్కులు తెచ్చుకున్నాం. వార్డులో ఆ కొరతను మా చేతులతో పూడ్చాం. అలా నెలల తరబడి చేసిన పనిని ఈ రోజు ఏ ఇంటర్వ్యూలోనూ అనుభవం కింద లెక్కపెట్టడం లేదు. స్టూడెంట్‌గా చేసినది పనికిరాదు అంటున్నారు.

ప్రైవేటులో ఇలా ఉంటే సర్కారు నౌకరీ దారి ఎలా ఉందో చెప్తాను. మీ ప్రభుత్వం వచ్చాక 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చారు. అప్పుడు మేమింకా చదువుతున్నాం. హాస్టల్లో అందరం ఒకే ఫోన్ చుట్టూ చేరి ఆ సభ చూశాం. ఆ ఏడాది ఆగస్టులో జాబ్ క్యాలెండర్ ప్రకటించారు. అందులో చెప్పినట్టే సెప్టెంబరులో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, నవంబరులో పరీక్ష జరిగింది. చెప్పిన నెలలో చెప్పినట్టు జరగడం మాలాంటి వాళ్ళకు ఎంత ధైర్యం ఇచ్చిందో మాటల్లో చెప్పలేను. అందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

కానీ ఆ నోటిఫికేషన్‌లో మార్కుల లెక్క చూసినప్పుడు నా గుండె జారిపోయింది. రాత పరీక్షకు 80 పాయింట్లు. మిగతా 20 ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసు చేసినవాళ్ళకు. గిరిజన ప్రాంతంలో అయితే ఆరు నెలలకు రెండున్నర, మిగతా చోట్ల రెండు. అంటే అయిదేళ్ళు చేసిన అక్కకు 20 పాయింట్లు, నాకు సున్నా. నేను పరీక్షలో 60 తెచ్చుకుని, ఆమె 41 తెచ్చుకున్నా ఆమే ముందుంటుంది.

ఆ అక్కలకు ఇచ్చే వెయిటేజీ తీసేయమని నేను అడగను. కొవిడ్ రోజుల్లో పీపీఈ కిట్లలో చెమటలు కక్కుతూ, నెలల తరబడి జీతాలు రాకున్నా వార్డులు వదలని వాళ్ళున్నారు. వాళ్ళకు అది దక్కాల్సిందే. నా బాధ వేరే. ఆ సర్వీసు మొదలుపెట్టడానికి నాకు గుమ్మం ఏది? ఔట్‌సోర్సింగ్ పోస్టు ఇప్పిస్తానని ఒక మధ్యవర్తి మా నాన్నను లక్షన్నర అడిగాడు. ప్రైవేటులో ఎన్నేళ్ళు చేసినా ఆ 20 పాయింట్లలో లెక్కకు రాదు. గల్ఫ్‌కు వెళ్దామన్నా రెండేళ్ళ అనుభవం చూపించమంటారు. విదేశాల్లో ఉద్యోగాలు ఇప్పించే మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్ళాలని మా బ్యాచ్‌లో ఇద్దరు భాష నేర్చుకుంటున్నారు. ఊళ్ళో పని దొరకక వాళ్ళు ఆ దారి పట్టారు. దొరికితే ఇక్కడే ఉండేవాళ్ళమని ఇద్దరూ నాతో అన్నారు.

మంత్రి గారూ, ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే. ఎంబీబీఎస్ చదివినవాళ్ళకు హౌస్ సర్జన్సీ ఉంది. పెద్ద డాక్టర్ల కళ్ళెదుట, స్టైపెండ్ తీసుకుంటూ ఏడాదిపాటు పని నేర్చుకుంటారు. కొత్తగా రిజిస్టర్ అయిన నర్సులకూ అలాంటి ఒక ఏడాది ఇవ్వండి. ఇప్పుడు జిల్లాజిల్లాకూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ, దానికి ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ ఫ్రెషర్లకు ఏడాది శిక్షణ పోస్టులు పెట్టి, కాళోజీ హెల్త్ యూనివర్సిటీ మార్కుల మెరిట్ ప్రకారం నింపండి. అప్పుడు మధ్యవర్తులకు చోటుండదు. ఎమర్జెన్సీ, ఐసీయూ, లేబర్ రూమ్, పసిపిల్లల వార్డు, అన్నిట్లో రెండు మూడు నెలల చొప్పున ఇన్‌ఛార్జి సిస్టర్ కింద పని చేయనివ్వండి. నెలకు 20 వేలు స్టైపెండ్ ఇవ్వండి. ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్‌ను ఆ వెయిటేజీలో మిగతావాళ్ళతో సమానంగా లెక్కపెట్టండి. ఒక్క మాట మాత్రం ఉత్తర్వులో రాయండి: ఈ శిక్షణ పోస్టులను చూపించి ఖాళీగా ఉన్న రెగ్యులర్ పోస్టులను ఆపకూడదు.

20 వేలు అని నోటికొచ్చినట్టు రాయలేదు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, యాభై పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రి కూడా నర్సుకు నెలకు 20 వేలకు తగ్గకుండా ఇవ్వాలని సిఫారసు చేసింది. 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలంది. మన దగ్గర ప్రభుత్వ స్టాఫ్ నర్సు మూలవేతనమే 36,750 నుంచి మొదలవుతుంది. నాకు 13 వేలు చెప్పిన ఆసుపత్రి ఆ 200 దాటిన కోవలోదే. కేరళలో నర్సులు సమ్మెకు దిగాక 2018లో అక్కడి ప్రభుత్వం కనీస జీతం 20 వేలుగా నోటిఫై చేసింది. మన రాష్ట్రంలోనూ అలాంటి జీవో తీసుకురండి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకునే పద్ధతి మీద జిల్లా వైద్యాధికారులతో (డీఎంహెచ్‌ఓలతో) తనిఖీలు చేయించండి. ఆ తనిఖీల్లోనే ఇంకోటి చూడమనండి. మండల కేంద్రాల్లోని చిన్న నర్సింగ్ హోముల్లో నర్సింగ్ చదవని పిల్లలకు యూనిఫాం వేయించి ఇంజెక్షన్లు ఇప్పిస్తున్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, ఇంట్లో గడవక వచ్చినవాళ్ళు. కానీ డోసు తప్పితే పోయేది పేషెంటు ప్రాణం. రిజిస్ట్రేషన్ ఉన్న మేమేమో ఇంటి దగ్గర కూర్చున్నాం.

మా బ్యాచ్‌లో కొందరి పరిస్థితి నాకన్నా కష్టం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని కాలేజీ వాళ్ళ సర్టిఫికెట్లు ఆపింది. సర్టిఫికెట్ లేక కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కాలేదు. అది లేక ఇంటర్వ్యూకు కూడా పోలేరు. దయచేసి నర్సింగ్ విద్యార్థుల బకాయిలు ముందు విడుదల చేయించండి.

వచ్చే సోమవారం నుంచి నేను మా మండలంలోనే ఒక నర్సింగ్ హోంలో చేరుతున్నాను. పద్దెనిమిది పడకలు, నెలకు తొమ్మిది వేలు. ఒరిజినల్స్ అడగలేదు. నేర్చుకున్న చేతిపని మరిచిపోకూడదని చేరుతున్నాను. తర్వాతి నోటిఫికేషన్‌కు రాత్రిళ్ళు చదువుకుంటాను. అది వచ్చేలోపు ఆ శిక్షణ ఏడాది గురించి మీ కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వస్తే, ఏ జిల్లాలో పోస్టు ఇచ్చినా వెళ్ళి చేరతాను.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ నర్సు,
మహబూబాబాద్ జిల్లా.